ఆగిపోయిన వాగు

కరోనా మొదటి ఏడాది, బతుకుతెరువుకు వలసొచ్చిన బమ్రోలి నేతపేటలో మగ్గాలు మూతపడితే, లింగం తమ్ముడు కమలాకర్ రోడ్డు పనికని ఉత్తరాఖండ్ కొండల్లోకి వెళ్లాడు. వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

“అన్నా, పొద్దటి సంది ఉరికిన వాగు ఒక్కసారే ఆగింది. పిట్ట గూడ అరుస్తలేదు. వాగు పక్క గుడారంల సామాన్లున్నయి, తెచ్చుకుంటందుకు కిందికి దిగుతున్న.”

అదే ఆఖరి మాట. కొండ మీది నుంచి బురద వచ్చిపడిందన్నారు. శవం దొరకలేదు. అదే నగరంలో కోసాడ్ క్వార్టర్లలో ఉండే కమలాకర్ భార్య లత మాత్రం, “ఎవరు చూసిండ్రు బావా? యాడనో ఉంటడు,” అనేది. లింగానికి దుఃఖం కన్నా కోపమే ఎక్కువ. వరదలో వాగులోకి దిగేవాణ్ని ఏమనాలి?

మరుసటి ఏడాది మగ్గాలు మళ్లీ ఆగాయి. లింగం ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మట్టి మోసే పనికి కుదిరాడు. అక్కడ జగిత్యాల నుంచి వచ్చిన ఊర్మిళ, కొండల్లో బురద వరద ఎలా పారుతుందో పరిశోధన చేస్తోంది. ఏటవాలుగా నిలబెట్టిన పొడవాటి తొట్టిలో బురదా రాళ్లూ వదిలి చూసేది. అవి సర్రున జారి అడుగున పరుచుకునేవి. ఒకరోజు వాటిలో కట్టె ముక్కలు కలిపించింది.

లింగం తొట్టి పైకొసన బురదను ఆపే తలుపు ఎత్తాడు. బురదలో మునిగిన కట్టెలు ఒక్కొక్కటే పైకి తేలి, ఎవరో పిలిచినట్టు ముందు వరుసకు చేరాయి. తొట్టి ఇరుకైన చోట అడ్డం తిరిగి, ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచిపోయాయి. వెనకాల బురదంతా ఆగింది. గదిలో చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. లింగం చెవిలో తమ్ముడి ఆఖరి ఫోన్ మాట మెదిలింది.

పుటుక్కున ఒక కట్టె విరిగింది. ఆగినదంతా ఒక్కపెట్టున విరుచుకుపడి, తొట్టి అంచు దాటి గోడను కొట్టింది.

“మేడం, గిట్ల ఆగినప్పుడు కింద ఉన్నోనికి ఎట్ల తెలుస్తది?”

“తెల్వదన్నా. వరద తగ్గిందనుకుంటడు.”

లింగం మట్టి చేతులతోనే గోడ పక్కన కూలబడ్డాడు. ఏడాదిగా తిట్టుకున్న తమ్ముడి కోసం అప్పుడు ఏడ్చాడు.

ఊర్మిళను అడిగి మర్నాడు లతను వెంటబెట్టుకొచ్చాడు. లత తొట్టి కింది కొస పక్కన, మాస్కు పైన కళ్లు రెండే కనబడుతూ నిలబడింది. కట్టెలు తేలాయి, అడ్డుపడ్డాయి, బురద ఆగింది. లత ఆ కట్టెలకు దిగువన ఖాళీగా ఉన్న తొట్టి మీదికి వంగి, లోపల ఎవరో ఉన్నట్టు మెల్లగా అంది:

“సామాన్లు పోతే పోనీ. పైకి రా.”

కట్టెలు కిర్రుమన్నాయి.

“జల్ది రా.”

లింగం ఆమె రెక్క పట్టి వెనక్కి లాగాడు. బురద దూకింది. లత కళ్లు మూసుకోలేదు.

తిరుగు బస్సులో లత అడిగింది:

“భయపడి ఉండడు గదా బావా?”

“లేదు బిడ్డా. నిమ్మళంగనే దిగిండు.”

ఆ వారమే తాపీ నది ఒడ్డున, శవానికి బదులు దర్భలతో మనిషి బొమ్మ చేసి కమలాకర్‌కు కర్మ జరిపించారు. లింగమే నిప్పు పెట్టాడు.