ఫోటోల్లో వెనకాల నిలబడిన మనిషి

ఆంజప్పకు అభిప్రాయం లేని సంగతి ఈ భూమ్మీద లేదు. హోసూరు పక్కన మూకండపల్లిలో లోకనాథ్ టీ బంకు ముందు పొద్దున ఏడింటికి నిలబడితే చాలు, పేపర్లో వచ్చినవీ రానివీ అన్నీ ఆయన నోట వినొచ్చు. విమానాశ్రయం వస్తే ఎవరి పొలాలు పోతాయి, ఫోన్ల ఫ్యాక్టరీల్లోకి అంతా ఆడపిల్లలనే ఎందుకు తీసుకుంటారు, ఓటర్ల జాబితా సవరించే వాళ్లు అమ్మానాన్నల పేర్లు ఎందుకు అడుగుతారు, అన్నింటికీ ఆయన దగ్గర జవాబు సిద్ధం. వీధివీధికీ కెమెరాలు పెడుతున్నారని ఎవరో గొణిగితే, దాచుకునేది లేనివాడికి భయమెందుకని కొట్టిపారేశాడు. చూడండి మరి, ఆ మాటన్న పెద్దమనిషి ఇరవై రెండేళ్లుగా ఒక సంగతి కడుపులో దాచుకుని తిరుగుతున్నాడు.

పుట్టింది జవళగిరిలో, గొర్రెల మందలోనే పెరిగాడు. ఉన్న గొర్రెలు అమ్మేసి, బండి సామాన్లు చేసే ఒక చిన్న కంపెనీ గేటు దగ్గర కాపలాకు చేరి పన్నెండేళ్లయింది. మూడొందల గొర్రెల్లో ఏది ఎవరిదో ముఖం చూసి చెప్పినవాణ్ణి, మనిషి ముఖం నా కంటబడితే మరిచిపోతానా అని ఆయన గొప్ప. గేటు దాటిన మనిషిని రెండేళ్ల తర్వాత చూసినా గుర్తుపట్టేవాడు, అందులో అబద్ధం లేదు.

ఫోన్ల మీద కూడా అభిప్రాయం ఉండాలి కదా, ఉంది. వాడుకోవచ్చు, కానీ అప్‌డేట్ చేయకూడదు. నిన్నటిదాకా బాగున్న వస్తువును నువ్వు చూడనప్పుడు మార్చేసి, పొద్దున లేవగానే ఎట్లా ఉందని అడిగేవాడు దొంగ కాక ఇంకెవరు అనేవాడు. ఫోన్ ఎన్నిసార్లు అడిగినా "తర్వాత" అని నొక్కేవాడు. ఆ ఫోన్ ఆయనకు ప్రాణం, ఎందుకంటే అందులో రంజిత ఫోటోలు ఉన్నాయి. పదకొండేళ్ల కిందట మొదటి కెమెరా ఫోన్ కొన్నప్పటి నుంచి కూతురు ఏ పండక్కి వెళ్లినా, ఏ బస్సెక్కినా ఒక ఫోటో తీయకుండా వదిలిపెట్టలేదు. ఫోన్లు నాలుగు మారాయి, ఫోటోలు మాత్రం ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి వస్తూనే ఉన్నాయి.

రంజితకు ఇప్పుడు ఇరవై రెండు. ఫోన్ల భాగాలు చేసే ఫ్యాక్టరీలో పని. ఒక ఆదివారం నాయన తలంటుకునే లోపల ఆ పిల్ల ఫోన్ తీసుకుని అప్‌డేట్ చేసిపెట్టింది. బయటికి వచ్చేసరికి తెర మీద బొమ్మలన్నీ గుండ్రంగా మారిపోయి ఎక్కడివక్కడ లేవు. ఆంజప్ప ఆ పూటంతా అలిగి అన్నం కూడా వేరుగా తిన్నాడు. రంజిత ఎప్పుడూ నవ్వి ఏడిపించేది, ఆ రోజు మాత్రం మాట్లాడకుండా కంచం తెచ్చి పెట్టి వెళ్లింది. అదేమిటా అని ఆయన అప్పుడు ఆలోచించలేదు.

సోమవారం మధ్యాహ్నం గేటు గదిలో కూర్చుని మారిపోయిన ఫోన్‌ను తిట్టుకుంటూ తడుముతుంటే, ఫోటోల దగ్గర ఒక వరసలో ముఖాలు కనిపించాయి. ఫోన్ తనంతట తానే ఎవరి ముఖం వాళ్లకు విడదీసి పెట్టింది. తన ముఖం, పెళ్లాం కెంచమ్మ ముఖం, రంజిత ముఖం. అబ్బో, పనికొచ్చేదే చేశారే అనుకున్నాడు. నాలుగో గుండ్రంలో ఒక ఆడమనిషి ముఖం ఉంది. పేరు లేదు. పద్నాలుగు ఫోటోలు అని మాత్రం ఉంది.

ఎవరబ్బా అని నొక్కాడు. మొదటిది రంజిత అయిదో తరగతి బడి వార్షికోత్సవం. స్టేజీ మీద పిల్ల, కింద జనం, జనం చివర గోడకు ఆనుకుని ఆ ఆడమనిషి. తర్వాతిది కృష్ణగిరి డ్యామ్ దగ్గర తీసింది, చేపలు వేయించే బండి వెనకాల ఆమె. హోసూరు కొండగుడి తేరు రోజు, తాడు పట్టిన చేతుల సందుల్లో ఆమె. కృష్ణగిరి మామిడిపండ్ల ప్రదర్శనలో, కెలమంగలంలో చుట్టాల పెళ్లి పంక్తి చివర, రంజిత మొదటిసారి ఫ్యాక్టరీ బస్సెక్కిన రోజు కరెంటు స్తంభం పక్కన. ఏళ్లు గడిచేకొద్దీ ఆమె వెంట్రుకలు నెరుస్తున్నాయి. అన్ని ఫోటోల్లోనూ అందరూ ఎటెటో చూస్తుంటే ఆమె ఒక్కటే రంజితను చూస్తోంది.

బయట ఎండ మండిపోతోంది, లోపల యంత్రాల మోత. ఆంజప్ప పద్నాలుగూ మళ్లీ మొదటి నుంచి చూశాడు. ఈ ఫోటోలన్నీ తీసింది తనే. పద్నాలుగుసార్లు ఆమె తన ఎదురుగా నిలబడింది, తను ఒక్కసారీ చూడలేదు.

అంతలో తెర మీద రెండు ముఖాలు పక్కపక్కన వచ్చాయి. ఒకటి ఆ ఆడమనిషిది, పదకొండేళ్ల కిందటిది. ఇంకొకటి ఇప్పటి రంజితది. ఇద్దరూ ఒకే మనిషా అని ఫోన్ అరవంలో అడుగుతోంది. కింద అవును, కాదు అని రెండే మాటలు. అదే నుదురు, ఊరికే ఉన్నప్పుడు కూడా ఎడమకు కాస్త లాగినట్టుండే అదే పెదవి. ఆ మనిషి ఎవరో ఆయనకు తెలిసిపోయింది.

ఇరవై రెండేళ్ల కిందట, కోతలయ్యాక మందను తోలుకుని ఆంజప్ప, కెంచమ్మ కల్లావి దాకా పోయారు. రాత్రిపూట చేలల్లో గొర్రెల మంద కట్టి ఎరువు వేయిస్తే రైతులు గింజలు కొలిచేవాళ్లు. ఆ చేను పక్క గుడిసెలో కూలి చేసుకునే అంగాళమ్మ అని ఒకామె ఉండేది. ముగ్గురు బిడ్డలు పుట్టి పోయారు, నాలుగోది పుట్టి పదకొండు రోజులయింది. అలాంటి బిడ్డను చేటలో పెట్టి పరాయివాళ్లకు శేరు తవుడుకు అమ్మేస్తారు. అప్పుడది ఎవరి బిడ్డో తీసుకుపోవడానికొచ్చిన చావుకు తెలియదు, తికమకపడి వెనక్కి పోతుంది. చెవులు కుట్టే వేళకు తల్లి వచ్చి మళ్లీ కొనుక్కుంటుంది. అంగాళమ్మ చేటను కెంచమ్మ ముందు పెట్టింది. కెంచమ్మకు పెళ్లయి తొమ్మిదేళ్లయినా కడుపు పండలేదు. శేరు తవుడు పోసి బిడ్డను ఎత్తుకుంది.

మరుసటేడు మందతో అక్కడికి పోతే గుడిసె ఖాళీ. ఇటుకల బట్టీకి పోయారని పక్క చేనివాడు చెప్పాడు. ఏ ఊరి బట్టీ అని వీళ్లు అడగలేదు. ఆ పై ఏడు నుంచి మంద దారి మారింది, కల్లావి వైపు మళ్లీ పోలేదు. గడ్డి బాగాలేదని ఊళ్లో చెప్పుకున్నారు. రంజిత మా కడుపున పుట్టిందే అన్నారు, నలుగురూ నమ్మారు, చివరికి వీళ్లూ నమ్మారు.

సాయంత్రం ఆంజప్ప ఫోన్ చూపిస్తే కెంచమ్మ ఒక్క చూపు చూసి దాన్ని చాప మీద బోర్లా పెట్టేసింది. "పేరు పెట్టొద్దు, రంజిత నాయనా," అంది. "ఇన్నేండ్లూ ఎవరి బిడ్డో తెలీక అది వెనక్కి పోయింది. ఇప్పుడు ఇట్లా వచ్చి అడగతా ఉండాది. కాదని నొక్కు." పిల్ల పోతుందన్న భయమే ఇద్దరిదీ. ప్రాణంతో పోతుందా, ఇల్లు విడిచి పోతుందా అన్నది వాళ్లు విడదీసి చూసుకోలేదు.

కాదని నొక్కడానికి ఆయనకు వేలు రాలేదు. కళ్లారా చూస్తే గానీ నమ్మనని మొండికేశాడు. బుధవారం పొద్దున ఆరుగంటలకు ఏదో సాకు చెప్పి రంజితతో పాటు బస్టాపుకు నడిచాడు. హోసూరు మంచు సంగతి తెలిసిందే, పది అడుగుల అవతల మనిషి తల కనిపిస్తే కాళ్లు కనిపించవు. బస్సు దీపాలు రాగానే ఒక ఫోటో తీశాడు. తీసి చుట్టూ చూశాడు. ఎదురుగా మూసిన షట్టర్లు తప్ప పురుగు లేదు.

హమ్మయ్య అనుకుంటూ టీ బంకు దగ్గర ఫోన్ తెరిచాడు. పేరు లేని గుండ్రం కింద పదిహేను ఫోటోలు అని ఉంది. కొత్త ఫోటోలో రెండు షట్టర్ల మధ్య బూడిద రంగులో ఏదో మసక. దాన్ని వేళ్లతో పెద్దది చేస్తే నుదురు, చెంప, రెండు కళ్లు. గ్లాసు అక్కడే పెట్టి బస్టాపుకు పరిగెత్తాడు. షట్టర్లు తడిసి ఉన్నాయి, మనిషి లేదు. గేటు దగ్గర ఆ రోజు ఎవరు వచ్చారో ఎవరు పోయారో ఆయనకు ఒక్కటీ గుర్తులేదు. ముఖాలు చూస్తున్నాడు, ఒక్కటీ కంటికి ఆనడం లేదు.

సాయంత్రం రంజిత గ్యాసు బుక్ చేస్తానని ఫోన్ అడిగి తీసుకుని, కాసేపటికి తిరిగిచ్చింది. ఇక చాలు, కాదని నొక్కేద్దామని ఆంజప్ప తెరిచాడు. ప్రశ్న లేదు. పేరు లేని గుండ్రమూ లేదు. రంజిత ముఖం నొక్కాడు. అంగాళమ్మ ఫోటోలు పదిహేనూ అందులో కలిసిపోయి ఉన్నాయి. బడి గోడకు ఆనుకున్న ఆ ముఖం కింద రంజిత అని రాసి ఉంది.

"నేనే అవునని నొక్కినాను నాయనా," అంది రంజిత గడప మీద కూర్చుని.

ఆదివారం అప్‌డేట్ చేసినప్పుడే ఆ పిల్ల అన్నీ చూసిందట. ఆ ఆడమనిషిని మూడేళ్లుగా బస్టాపులో చూస్తూనే ఉంది, మతి చలించిన మనిషేమో అనుకునేది. సోమవారం రోడ్డు దాటి పోయి తన ఫోన్లోకి తెచ్చుకున్న ఫోటోలు చూపించింది. ఆమె గులాబీ తోటల షెడ్లలో ఊడ్చే పని చేస్తుందట. కొంచెం కొంచెంగా అన్నీ చెప్పింది. బట్టీ నుంచి తిరిగొచ్చి మంద కోసం రెండేళ్లు కాచుకుందట. ఆ తర్వాత అడుగుతూ అడుగుతూ జవళగిరికి వచ్చి, వీధిలో ఆడుకునే పిల్లను చూసి, పిల్ల బతికి ఉందని ఆ దూరంలోనే ఆగిపోయి, అప్పటి నుంచి అట్లాగే వెంట తిరుగుతోందట. దగ్గరికొస్తే ఆ ముగ్గురి దారే ఇదీ పడుతుందని ఆమె భయం.

"నన్ను అమ్మా అనొద్దు తల్లీ, నీకు మంచిది గాదు అనింది," అంది రంజిత. తర్వాత తలెత్తి నాయన కళ్లలోకి చూసింది. "మీరు ఆమెను వెతికినారా నాయనా?"

అన్నింటికీ జవాబున్న మనిషి ఫోన్ పక్కన పెట్టేశాడు. లోపల కెంచమ్మ కొంగు నోట్లో కుక్కుకున్న చప్పుడు వినిపించింది. ఏడుస్తోంది.

"లేదమ్మా," అన్నాడు ఆంజప్ప. "వెతికితే దొరకతాదేమో అని భయపడినాము."

రంజిత లేచి లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున ఎవరితోనూ మాట్లాడకుండా, పోయొస్తానని కూడా అనకుండా మెడలో కార్డు వేసుకుని బయటికి నడిచింది. ఆంజప్ప ప్రాణం ఉగ్గబట్టుకుని వెనకాలే పోయాడు. దగ్గరికి పోయే ధైర్యం చాలలేదు. పిలిస్తే పలుకుతుందో లేదో. రోడ్డుకు ఇవతల, మూసిన షట్టర్ల ముందు ఆగిపోయాడు. అవతల మంచులో కూతురు మసకమసకగా నిలబడి ఉంది, ఒక్కసారీ ఇటు తిరగలేదు.

కాసేపటికి పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. చెప్పుల చప్పుడు కూడా కాలేదు. ఆంజప్ప తల తిప్పలేదు, తిప్పకుండానే ఆమె ఎవరో తెలిసింది. తిడుతుందేమోనని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె కూడా అవతలికే చూస్తోంది.

"పిల్ల స్వెట్టరు వేసుకోలేదన్నా," అంది అంగాళమ్మ.

"వేసుకోమంటే వినదమ్మా," అన్నాడు ఆంజప్ప.