మనిషి లేని బిందె

దేవుడు చూసుకుంటాడు అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మంట ఇవాళ్టిది కాదు. ఎనభైల్లో ఒక వేసవిలో, విశాఖ రేవులో నాన్న కాలి మీద ఇనుపకడ్డీలు దొర్లినప్పటిది.

పెద్దాసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే చెప్పాడు. కాచి చల్లార్చిన నీళ్ళతో పుండు రోజూ మూడుసార్లు కడగాలి, చీము పట్టిందంటే మాత్రం మోకాలి కింద తీసెయ్యాల్సిందే. చెప్పడం ఎంతసేపు! మా వీధి మొత్తానికి ఒకటే కుళాయి. పొద్దున్న ఏడింటికి గంటసేపు వచ్చేది.

పరామర్శకు వచ్చిన వాళ్ళందరిదీ ఒకటే పాట. నాన్నతో పనిచేసే ఒకాయన ఉప్మా రెండుసార్లు వడ్డించుకుని, "ఏటి బావా, అలా బెంగెట్టుకుంతన్నావు? అప్పన్న లేడేటి? అంతా ఆయనే సూసుకుంతాడు" అన్నాడు. మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఒక్క బిందె మోసుకొస్తానని మాత్రం ఆ నోటికి రాలేదు. దేవుడి మీద తోసేస్తే తమ చేతులకి పనుండదని వీళ్ళకి ఎవరు నేర్పారో!

అప్పన్నంటే మా సింహాచలం కొండ మీది స్వామి. ఏడాది పొడుగునా గంధం పూతలో దాక్కుని, ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు. అలాంటాయన కొండ దిగొచ్చి మా కుళాయి దగ్గర కాపలా కాస్తాడని వీళ్ళ నమ్మకం.

వాళ్ళ సంగతి అలా ఉంచండి, మా అమ్మ మరీను. నాకు సీతమ్మధారలో ఒక క్లినిక్కులో చీటీలు రాసే ఉద్యోగం. ఆరున్నర బస్సు ఎక్కాలి, అప్పట్లో ఇంటికి ఆ జీతమే ఆధారం. అమ్మ పక్కన లేకపోతే నాన్న లేచి నడవబోయేవాడు, అంత మొండి మనిషి. అందుకని అమ్మ ఆరింటికే మా సొట్టబిందెను లైన్లో పెట్టి, సింహాచలం వైపు తిరిగి ఓ దణ్ణం పెట్టి, లోపలికొచ్చి కూర్చునేది.

"ఆ బిందెని ఎవలు జరుపుతారమ్మా?" అని అడిగాను.

"అప్పన్న జరిపిత్తాడే."

"ఆయన ఒంటిమీద గంధమే ఆయన కడుక్కోలేడు. నీ బిందె నింపుతాడా?"

"తప్పే, కళ్ళు పోతాయి!" అని నా తరఫున తనే లెంపలేసుకుంది.

నా వెటకారానికి కారణం ఉంది. మనిషి లేని బిందెకి వంతు లేదు అన్న రూలు ఆ కుళాయి దగ్గర పెట్టిందే నేను. ఈ ఉద్యోగంలో చేరకముందు రెండేళ్ళ పాటు అలాంటి బిందె కనబడితే చాలు, కాలితో బయటికి తన్నేదాన్ని. న్యాయం చేస్తున్నానని పొగరు. ఒకసారి ఎదురింటావిడ బిందెను తంతే దొర్లుకుంటూ పోయి మురిక్కాలవలో పడింది. వాళ్ళు గోదావరి వైపు వాళ్ళు, ఆయనకి స్టీల్‌ప్లాంటు పనుల్లో ఉద్యోగం. అత్తగారికి వాంతులవుతుంటే ఆవిడ ఇంట్లోకి పరిగెత్తిందట. "అయితే బిందె కూడా పట్టుకెళ్ళాల్సింది" అన్నాను. ఆ రోజు వాళ్ళింట్లో చుక్క నీళ్ళు లేవు. ఆవిడ మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఈ సంగతి అమ్మకి తెలీదు.

అందుకే, సాయంత్రం నేనొచ్చేసరికి మా బిందెలో నీళ్ళు కనిపిస్తే నమ్మలేకపోయాను.

"గోల తగ్గాక ఎల్లి సూసాను, గట్టుమీద నిండిపోయుంది. అప్పన్న కాదేటి మరి?" అంది అమ్మ, మొహం వెలిగిపోతూ.

మర్నాడూ అంతే. రెండు వారాలూ అంతే. పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంది. నాకు సంతోషం కలగాలి కదా? లేదు, ఉడుకుమోత్తనం వచ్చింది. నేనైతే పరాయి బిందె నింపను, కాబట్టి ఎవరూ నింపరు. లోకం గురించి నాకు తెలిసింది అంతే. దీని అంతు తేల్చి, అమ్మ మొహాన ఆ వెలుగు ఆర్పితే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

ఒకరోజు బస్సు రాలేదు. వెనక్కొచ్చేసరికి కుళాయి మొదలైంది. గోడ పక్కన నిలబడి చూశాను. ఎదురింటావిడ తన బిందెను చేత్తో ముందుకు జరుపుతోంది. వెనకనున్న మా సొట్టబిందెను ఎడమకాలితో తోస్తోంది. చేత్తో ముట్టుకోడానికి కూడా అసహ్యం లాగుంది.

వెనక నుంచి ఒకామె అరిచింది. "మనిసి లేని బిందెకి వంతు లేదు! తీసీండి పక్కకి!"

అది నా మాట. అక్షరం పొల్లుపోకుండా నా మాటే.

"మనిషెందుకు లేదు? నేనున్నానుగా, కళ్ళు కనపట్టం లేదా?" అని ఎదురింటావిడ విరుచుకుపడింది. మా బిందె నింపి గట్టుమీద పెట్టింది.

నేను దగ్గరికెళ్ళాను. "మీరెందుకండీ ఇదంతా..." అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "తన్నింది నువ్వు. మీ నాన్న కాలు నన్నేం చేసిందమ్మా?" అంది. తన బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

నీళ్ళు పట్టుకుని ఇంట్లోకొచ్చాను. బిందె చూడగానే అమ్మ చేతులు జోడించింది. "సూసావా? ఇప్పుడైనా నమ్ముతావేటి? అప్పన్న కాకపోతే ఇంకెవలు సెప్పు!"

ఎవరో నాకు తెలుసు. రెండు వారాలుగా ఈ క్షణం కోసమే కాచుకున్నాను. కానీ ఆవిడని చెప్పాలంటే, ఆ మురిక్కాలవ నుంచి మొదలుపెట్టాలి.

పుండు కడగడానికి నీళ్ళు పొయ్యిమీద పెట్టాను.