పలుపు ఇవ్వని బేరం

ఆ రోజుల్లో మనిషి పనికి వచ్చాడో లేదో చెప్పే అధికారం మనిషికి ఉండేది కాదు, ఫోనుకే ఉండేది. జమ్మికుంటలో ఒక విత్తనాల కంపెనీలో కొత్తగా చేరిన నేను పొద్దున్నే గేటు ముందు నిలబడి ఫోనుకు ముఖం చూపించి, అది ఒప్పుకున్నాకే లోపలికి నడిచేవాణ్ణి. (పెళ్లిచూపులకు కూడా అంత శ్రద్ధగా ముఖం సిద్ధం చేసుకోలేదు.) ఒకరోజు హాజరు యాప్ తెరిస్తే, ఈ ఫోనులో ఇక పనిచేయనంది. ఆ ఫోను చేసినవాళ్లు దానికి అప్‌డేట్లు ఆపేసి చాలా కాలమైందట. ఫోను మాత్రం గుండ్రాయిలా ఉంది. మేమంతా హాజరు సారు అని పిలుచుకునే మా పై అధికారి, "సోమవారం దాక జూస్త తమ్మీ. అటెన్క యాప్ల నీ మొఖం పడకుంటే నువ్వు లేనట్టే" అన్నాడు. ఎదురుగా నిలబడ్డా లేనట్టేనట. చేరి నాలుగు నెలలు కాలేదు, ఉద్యోగం పోతుందని నాకు నిజంగానే భయం వేసింది.

కొత్తది కొనడానికి అడ్డు మా బాపు. ఆయన ఎడ్ల బేరగాడు. నేను డిగ్రీ పాసైనప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క కోడెను అమ్మి ఆ ఫోను కొనిచ్చాడు. కనుక ఆయన దృష్టిలో అది ఫోను కాదు, కోడె.

"కంపెనోళ్లు అప్‌డేట్లు బంద్ జేసిండ్రు బాపూ" అన్నాను.

"అంటే దాణా బంద్ వెట్టిండ్రా?"

"అట్లనే అనుకో."

"పనిజేసే గొడ్డుకు దాణా ఆపుతరా? ఎసొంటి మనుషులురా వాళ్లు!" అని ఫోను వీపు నిమిరి, కెమెరా కంట్లోకి తొంగి చూసి, ఆఖరికి మార్పిడికి ఒప్పుకున్నాడు. బేరం మాత్రం తానే చేస్తానన్నాడు. నా కొంప అక్కడే మునిగింది.

ఆదివారం సాయంత్రం, పాతది తీసుకుని కొత్తది ఇచ్చే దుకాణానికి వెళ్లాం. నెమలి కంఠం రంగులో మెరిసే ఫోనొకటి నేను ముందే ఎంచిపెట్టుకున్నాను. బాపు దాన్ని చేతిలోకి తీసుకుని దుకాణం భాయ్‌ని అడిగిన మొదటి మాట, "దీనికి పండ్లెన్ని?" భాయ్ నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. (అంగడిలో పళ్లు లెక్కబెట్టే పశువు వయసు చెబుతారు.)

"అదే భాయ్, వయసు. కంపెనోడు దాణా ఇంకెన్నేండ్లు వెడ్తడు?"

భాయ్ తన ఫోనులో కాస్త వెతికి, గొంతు తగ్గించి, "ఆరు నెలలే ఉన్నది కాకా. మోడల్ పాతది" అన్నాడు. వారం రోజులు వీడియోలు చూసి ఎంచుకున్న నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. "కొమ్ములకు రంగేసిన ముసలెద్దు" అని బాపు దాన్ని పక్కకు నెట్టి, మూడేళ్ల దాణా ఉన్న బూడిద రంగుదాన్ని తీయించాడు. ఆ పైన భాయ్ చెయ్యి పట్టుకుని, మీద తువ్వాల కప్పి వేళ్లు నొక్కడం మొదలుపెట్టాడు. ఎడ్ల బేరంలో ధర అలా వేళ్లతోనే గుట్టుగా చెప్పుకుంటారు. పాపం భాయ్‌కి ఏం తెలుసు! "నాడి జూస్తున్నవా కాకా? నా తబియత్ మంచిగనే ఉన్నది" అన్నాడు.

ఎలాగో బేరం కుదిరింది. "పాత ఫోను, చార్జర్ వైరు ఇటియ్యి కాకా" అన్నాడు భాయ్. బాపు ఫోను ఇచ్చి, వైరు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"గొడ్డునిస్తం, పలుపియ్యం. పలుపిస్తే ఇంట్ల లచ్చిమి నిలువది."

మా దగ్గర పశువును అమ్మినవాడు దాని మెడలోని పలుపుతాడు విప్పుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. కొన్నవాడు తన పలుపు తానే తెచ్చుకోవాలి.

"గిది ఫోను కాకా! వైరు లేకుంటే నేను తీస్కోను."

"తీస్కోకు."

తెల్లారితే సోమవారం. నేను నలుగురిలో సిగ్గు విడిచి, "బాపూ, నా నౌకరి వోతది, ఆ వైరియ్యి" అని చేతులు జోడించాను. "నౌకరి వోతే ఇంకోటి దొరుకుతది, లచ్చిమి వోతే?" అన్నాడు. ఫోనుకు అద్దం వేయించుకోవడానికి వచ్చిన చెన్నూరు పెద్దాయన కూడా, "కాకా మాట వాజిబే" అని తీర్పు చెప్పాడు. భాయ్ సొరుగులోంచి తన పాత వైరొకటి తీసి మా ఫోనుకు తగిలించాడు. "లే, కొన్నోడే పలుపు తెచ్చుకున్నడు. ఖుషీనా?"

"గట్ల దారికి రా" అన్నాడు బాపు.

మర్నాడు యాప్‌లో నా ముఖం పడింది, ఉద్యోగం నిలిచింది. మా ఇంట్లో కొయ్యకు కోడె పలుపు పక్కన ఆ వైరు వేలాడింది.

మొన్న కరీంనగర్‌లో ఆ బూడిద రంగుదాన్నీ మార్చాను. దుకాణంలో అమ్మాయి వైరు అడిగేసరికి నా చెయ్యి అప్పటికే దాన్ని చుట్టి జేబులో పెట్టేసింది. "పలుపియ్యమమ్మా" అన్నాను. నా భార్య గోడవైపు చూసింది. బాపు దగ్గరికి వెళ్లి, గర్వంగా ఆ వైరును కొయ్యకు తగిలించాను. చూసి మురిసిపోతాడనుకున్నాను.

"మంచిది కొడుకా. మరి కొత్తదాని పండ్లు జూసినవా?"

అడగడం మరిచిపోయాను.