బాబాయి స్టూలు మీద విస్కీ గ్లాసు

మా బాబాయి తాగి చచ్చాడని చెప్పుకు తిరిగిన మనిషిని నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

బాబాయి బ్లూస్ గిటారిస్టు. ముత్తాతల నాడు విశాఖ వైపు నుంచి సింగపూర్ చేరిన కుటుంబం మాది. మా ఇంట్లో ఆ దుఃఖపు పాటలు బాబాయికొక్కడికే ఎక్కాయి. పగలు ఏసీలు రిపేరు చేసేవాడు, సాయంత్రాలు పబ్బుల్లో వాయించేవాడు. వాయించినంతసేపూ తాగేవాడు. విసిగిపోయి పిన్ని బుకిట్ బటోక్‌లోని పుట్టింటికి వెళ్లిపోయింది.

ఒకసారి రక్తం కక్కుకుని ఆసుపత్రిలో పడ్డాక మానేశాడు. మొదట్లో చేతులు వణికి తీగ నొక్కలేకపోయేవాడు. తాగుడు మానినవాళ్లు కలుసుకునే చోటికి వారం వారం వెళ్లేవాడు. పిన్ని తిరిగి వచ్చింది గానీ, ఆయన గుమ్మం ఎక్కగానే ఎదురెళ్లి వాసన చూసేది. ఏళ్ల తరబడి చూసింది. ఆయన ఏ కోపమూ లేకుండా నోరు తెరిచి ఊదేవాడు.

పబ్బులో వాయించడం మాత్రం మానలేదు. అల్లం టీ ఫ్లాస్కు వెంట తీసుకెళ్లేవాడు. బ్యాండులో డ్రమ్స్ వాయించే స్నేహితుడు, మా తెలుగాయనే, అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. టీ తాగేవాడికి బ్లూస్ ఏం తెలుసనేవాడు. గ్లాసు తెచ్చి చేతిలో పెట్టేవాడు కూడా. బాబాయి దాన్ని పక్క బల్ల మీద పెట్టి శ్రుతి సరిచేసుకునేవాడు.

కొన్నేళ్లకు బాబాయి మెదడులో గడ్డ బయటపడింది. జాలి పడతారని ఎవరికీ చెప్పనివ్వలేదు. చివరిసారి వాయించినప్పుడు మాట ముద్దగా వచ్చింది, లేవబోయి తూలి పడ్డాడు. నేనూ పిన్నీ చెరోవైపు పట్టుకుని బయటికి నడిపించాం. మళ్లీ మొదలెట్టాడని ఆ డ్రమ్స్ అంకుల్ మర్నాటి నుంచే ఊరంతా చెప్పాడు. ఒక్కసారి ఫోన్ చేసి అడగలేదు.

బాబాయి పోయాక అదే పబ్బులో సంస్మరణ సభ పెట్టారు. నేనూ పిన్నీ వెళ్లేసరికి వేదిక మీద బాబాయి స్టూలు, స్టూలు మీద నిండుగా విస్కీ గ్లాసు. అంకుల్ మైకు పట్టుకుని, మా వాడు నిజమైన బ్లూస్ మనిషిలా బతికి, అలాగే పోయాడని చెబుతున్నాడు. జనం గ్లాసులెత్తారు. పిన్ని నా చెయ్యి వదిలేసి గోడకు ఆనుకుంది.

నేను వేదికెక్కి ఆ గ్లాసు తీసి బారు సింకులో పారబోశాను. వెనక నుంచి ఎవరో గేలిగా అరిచారు. అంకుల్ నవ్వుతూ, సింగపూర్ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి, "ఏంటమ్మా, సెంటిమెంట్ లా. ఆ రోజు వాడు తూలింది మేమందరం చూశాం కదా," అన్నాడు.

"అది బ్రెయిన్ ట్యూమర్, అంకుల్. స్కాన్‌కి తీసుకెళ్లింది నేను," మళ్లీ వేదికెక్కి ఆయన చేతిలో మైకు తీసుకుని అన్నాను. "మానేశాక ఆయన ఒక్క చుక్క ముట్టలేదు. మీరు చేతిలో పెట్టిన గ్లాసులు కూడా."

ఎత్తిన గ్లాసులు కొన్ని దిగాయి. అంకుల్ మాత్రం, మాకు చెప్పలేదు కదా, మేం గౌరవించడానికే పెట్టాం కదా అని గొణిగాడు. నేనూ పిన్నీ ఆగలేదు. టాక్సీ ఎక్కి వచ్చేశాం. పిన్ని ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తినకుండా పడుకుంది.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం అంకుల్ పళ్లబుట్టతో మా ఫ్లాటుకు వచ్చాడు. నేను తలుపు తీశాను గానీ, ఇనుప గేటు తాళం తియ్యలేదు. ఊచల అవతల నిలబడి, "నేను తప్పు మాట్లాడాను లా. వదినకి చెప్పు," అన్నాడు.

లోపలి నుంచి పిన్నే వచ్చింది. "నాకు తెలిసిందే నాకెందుకు చెప్తావ్? నువ్వు ఎవరెవరికి చెప్పావో వాళ్లకి చెప్పు, పో," అంది.

పళ్లబుట్ట గేటు బయట పెట్టి వెళ్లబోయాడు. అది కూడా తీసుకెళ్లమన్నాను. తీసుకెళ్లాడు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పినట్టు మా చెవిన పడలేదు.