పేపర్లో పడ్డ మిసెస్

ఓసెల్లా టర్న్‌బో అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలోని హార్గ్రోవ్ అనే ఊళ్ళో నాలుగు తెల్లవాళ్ళ ఇళ్ళకి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. ఆవిడ గంజి పెట్టిన కాలరు అట్టముక్కలా నిలబడేది. మొగుడు పోయి పదకొండేళ్ళు. ఆ నాలుగిళ్ళ బట్టలతోనే పొయ్యి వెలిగేది.

1955 వేసవిలో, నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే బడిలో కూర్చోబెట్టాలని ఊళ్ళో నల్లవాళ్ళు అర్జీ పెట్టారు. మనవరాలి కోసం ఓసెల్లా కూడా సంతకం పెట్టింది. ఆవిడకి రాయడం వచ్చిందే తన పేరొక్కటి, దాన్ని దాచుకుని ఏం చేస్తుంది?

తెల్ల పెద్దమనుషులంతా కలిసి దానికి అడ్డంగా ఒక సంఘం పెట్టారు. వీళ్ళు రాత్రిళ్ళు ముసుగులేసుకుని నల్లవాళ్ళ ఇళ్ళ మీద పడే రకం కాదు. బ్యాంకు వీళ్ళదే, పత్తిమిల్లు వీళ్ళదే, కిరాణా కొట్టూ వీళ్ళదే. అర్జీలోని యాభై మూడు పేర్లూ పేపర్లో పేజీ నిండా వేయించారు, చూసుకోండి వీళ్ళని అన్నట్టు. అంతే, ఒకడికి కౌలు పోయింది, ఇంకొకడికి కొట్లో పిండి అమ్మలేదు. ఒక్కొక్కరే సంఘం ఆఫీసుకెళ్ళి పేరు తీయించుకున్నారు.

అయితే తొందరలో ఒక పొరపాటు జరిగింది. అక్కడ నల్ల ఆడదాన్ని తెల్లవాళ్ళు ఉత్త పేరుతోనే పిలుస్తారు, ముసలిదైతే ఆంటీ అంటారు. చచ్చినా మిసెస్ అని గౌరవించరు. అర్జీ టైపు చేసింది మాత్రం నల్లవాళ్ళ బడి పంతులమ్మ, ఆవిడ మిసెస్ అనే కొట్టింది. సంఘం వాళ్ళు ఉన్నదున్నట్టు దించేశారు. "మిసెస్ ఓసెల్లా టర్న్‌బో" అని అచ్చయి కూర్చుంది.

"ఒదినా, నిన్ను దొరసానిని చేసేశారే!" పక్కింటి లూవీనియా పడీ పడీ నవ్వింది.

"నోర్ముయ్యవే. మిసెస్‌తో మాట్లాడేటప్పుడు లేచి నిలబడు."

సోమవారం మొదటింటికి బట్టలకి వెళితే మిస్ కొరీన్ గుమ్మంలోనే ఆపేసింది. పెళ్ళయినా దొరసానుల్ని నల్లవాళ్ళు మిస్ అనే పిలవాలి. ఆవిడ మొగుడు లాథమ్ దొరే సంఘానికి పెద్ద.

"ఆయన చొక్కాలు నీకివ్వద్దన్నారు, ఓసెల్లా. వెళ్ళి పేరు తీయించుకో. నీ మంచికే చెప్తున్నా."

ఓసెల్లా అట్నుంచటే ఆఫీసుకి నడిచింది. లాథమ్ దొర, పేరు తీసేయమని ఆవిడ అడుగుతున్నట్టు కాగితం రాసి ముందుకు తోశాడు. ఆవిడ తన పేరున్న చోట వేలు పెట్టి చూసింది.

"ఈవిడెవరు బాబూ?"

"ఎవరేమిటి? నువ్వే!"

"పేపర్లో ఉన్నది మిసెస్ ఓసెల్లా. ఇక్కడున్నది వట్టి ఓసెల్లా. రేపు ఎవరైనా వేరే మనిషంటే? ఆ మిసెస్ ముక్క కూడా రాయండి, సంతకం పెడతాను."

ఆవిడే ఇస్త్రీ చేసిన కాలరు పైన లాథమ్ మెడ ఎర్రబడింది.

"ఎక్కువ మాట్లాడుతున్నావు, ఆంటీ."

"మీరే తక్కువ రాశారు బాబూ."

దొర కలం కాసేపు కాగితం మీదే ఆగింది. ఆ ముక్క రాసేసుంటే ఓసెల్లా ఏం చేసుండేదో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. దొర రాయలేదు. ఆవిడా పెట్టలేదు.

శనివారానికి నాలుగిళ్ళూ పోయాయి. అరవై ఒకటో ఏట, మోకాళ్ళ నొప్పితో, పక్క జిల్లాకి పత్తి ఏరడానికి లారీ ఎక్కింది.

మరుసటి నెల పేపర్లో మళ్ళీ పేర్లు వేశారు. తొమ్మిదే మిగిలాయి. ఈసారి ఆవిడ పేరు ముందు మిసెస్ లేదు. ఓసెల్లా పెన్సిల్ ముక్క తెచ్చుకుని, పాత పేపరు పక్కన పెట్టుకుని, చూసి చూసి, కొత్త పేపర్లో తన పేరు ముందు ఆ ముక్క తనే రాసుకుంది.