తెల్ల చొక్కాల మీద ఎర్ర గీతలు

మొన్న ప్రొద్దుటూరులో ఒక పెళ్లిలో, మధ్యాహ్నం పూట హాల్లో కరెంటు పోయింది. మా స్టూడియోలో పనిచేసే సల్మా కెమెరా ఎత్తి బటన్ సగం నొక్కింది. ఫ్లాష్‌లోంచి ఎర్రటి గీతలు వెళ్లి పెళ్లికొడుకు చొక్కా మీద పడ్డాయి. మసక వెలుతురులో ఫోకస్ కుదరక కెమెరా తనంతట తాను వేసుకునే వెలుగు అది. ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆ గీతలు చూసినప్పుడల్లా దానియేలు సారే గుర్తొస్తారు.

సారు ముందు మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టరు. తర్వాత బంగారు అంగళ్ల వీధిలో స్టూడియో పెట్టారు. నేను ఒక బిడ్డ తల్లినయ్యాక ఆయన దగ్గర పనికి చేరాను. అప్పటికే ఆయన కంటికి పొర కమ్మింది. లెన్సు తిప్పుతూ ఫోకస్ చూసుకునే మనిషి కాస్తా, దానంతటదే ఫోకస్ చేసుకునే కొత్త కెమెరా కొని నా చేతిలో పెట్టారు. స్టూడియో తలుపులు మూసి, కొక్కేనికి తెల్ల చొక్కా, దాని పక్కన నల్ల గొడుగు తగిలించి నాకు పాఠం చెప్పేవారు.

“ఈ మిషనుకు కండ్లున్నాయనుకుంటాండావా పాపా? లేవు. తెలుపూ నలుపూ కలిసే అంచు యాడుందో దానికి అదొక్కటే తెలుస్తాది. ఉత్త తెలుపు చూపిచ్చినావంటే గుడ్డిదైపోతాది.”

నేను చొక్కా మధ్యకు గురిపెడితే లెన్సు ముందుకూ వెనక్కూ తిరిగి జుర్రుమని అలిసిపోయేది. గొడుగు అంచుకు పెడితే ఠక్కున ఆగేది. ఫ్లాష్‌లో ఆ గీతలొచ్చే ఎర్ర కిటికీ మీద మాత్రం ఆయన నల్ల టేపు అంటించేశారు. ఎందుకని అడిగితే, “దాంతో మనకు పనిల్యా” అన్నారు, అంతే. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

ఎన్నికలు దగ్గర పడుతున్న రోజులు. పెద్దముడియం వైపు ఒక ఊళ్లో ఏళ్ల తరబడి నరుక్కున్న రెండు వర్గాలకు పార్టీ పెద్దలు రాజీ కుదిర్చారు. ఇద్దరు నాయకులూ కావలించుకున్న ఫోటో కావాలన్నారు. అది చూపిస్తేనే ఊరు విడిచి పారిపోయినవాళ్లు నమ్మి తిరిగొస్తారట. సారు, నేను వెళ్లాం. పాత మిద్దె, కిటికీలకు గోనెపట్టాలు కట్టేశారు. ఎండ మండిపోతున్న వేళలో కూడా లోపల మనిషి మొహం ఆనడం లేదు. గోడ పొడవునా రెండు వర్గాల మనుషులు, ఒకరి చేతుల వైపు ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. వాకిట్లోనే సారు ఫ్లాష్ ఒకసారి తన అరచేతి మీద మెరిపించి చూపించి, “మెరుపొస్తాదప్పా, బెదరొద్దండి” అని అందరికీ చెప్పారు.

నాయకులిద్దరూ కావలించుకున్నారు. ఇద్దరివీ తెల్ల చొక్కాలే, భుజాల మీద తెల్ల తువ్వాళ్లే. నేను బటన్ నొక్కాను. లెన్సు జుర్రుమంటూ తిరుగుతోంది, ఆగదు. మళ్లీ నొక్కాను. ఇష్టం లేని ఆ కౌగిలి విడిపోతుందేమోనన్న కంగారులో నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. గోటితో టేపు పీకేసి మళ్లీ నొక్కాను.

ఇద్దరిలో పెద్ద నాయకుడి చొక్కా మీద ఎర్ర గీతలు పడ్డాయి.

“ఏయ్! ఏందది?” అని ఎవరో అరిచారు. బెంచీ పడిపోయింది. ఒకడు ఆయన్ని గోడకు తోసి అడ్డం నిలబడ్డాడు. అవతలి వర్గం వాళ్లు పంచెలు ఎగ్గట్టారు. ఒక తుపాకీ మా వైపు తిరిగింది. సారు ఒక్క అడుగేసి కెమెరాకు ఎదురుగా నిలబడ్డారు. గీతలు ఇప్పుడు ఆయన చొక్కా మీద ఉన్నాయి.

“లైటప్పా! ఉత్త లైటు! నా మీద సూడండి, ఏమన్నా అవుతాందా?”

“ఎవురేసినారు దాన్ని?”

“నేనే నాయనా. దానికి టేపేసేది మర్సిపోతి. ముసిలోన్ని.”

ఊడిన టేపు నా గుప్పిట్లో ఉంది. నేను నోరు తెరవలేదు. తుపాకీ సారు మీదే చాలాసేపు ఉన్నట్టనిపించింది. చివరికి పెద్ద నాయకుడు గోడ దగ్గర్నుంచి, “ముసిలోడా, ఈ పొద్దు శానామందిని సంపేటోనివి గదా” అన్నాడు. ఎవరో నవ్వారు. తుపాకీ దిగింది. నాయకులిద్దరూ మళ్లీ కావలించుకున్నారు.

సారు ఎర్ర కిటికీకి అరచెయ్యి అడ్డం పెట్టి, “మీసం పట్టు పాపా” అని మెల్లగా అన్నారు. నల్లటి మీసం, పక్కన అవతలివాడి తెల్ల తువ్వాలు. లెన్సు ఆగింది.

రీళ్ల కాలం కాబట్టి ఫోటో వచ్చిందో లేదో కడిగేదాకా తెలియదు. జమ్మలమడుగులో బస్సెక్కాం. “ఆ ఎరుపు జూస్తే తుపాకీ గురి అనుకుంటారని ముందే చెప్పాల్సింది. భయం చెప్తే నీ చెయ్యి వణుకుతాదని చెప్పకుంటి” అన్నారు సారు. బస్సు కదిలాక, “ఆ టేపుకు జిగురు పోయినట్టుండాది” అన్నారు.

“అవును సార్” అన్నాను.

ఫోటో బాగా వచ్చింది. రెండేళ్లపాటు ఆ ఊళ్లో ఎవరూ చావలేదు. సారు పోయి చాలాకాలమైంది. ఆ రోజు బస్సులో టేపు దానంతటదే ఊడిందని ఆయన నిజంగానే నమ్మారో, పీకింది నేనేనని చెబుతానేమోనని చూశారో తెలుసుకునే దారి లేదు. ఆయన దగ్గర ఇంకో ఆరేళ్లు పనిచేశాను. రోజూ చెప్పొచ్చు, చెప్పలేదు. సిగ్గు.

ఇప్పుడు మా స్టూడియోలో ఏది పాడైనా నేను కోప్పడను. ఎవరు చేశారని మాత్రం అడుగుతాను. “నేనే మేడమ్” అన్న గొంతు వినబడేదాకా అక్కణ్నుంచి కదలను.