కుందేలు తల మీద చెయ్యి

హైదరాబాద్ దవాఖానకు పోయి వచ్చిన ప్రతిసారీ దారిలో ఒక జంతువుల పార్కు పెద్ద బోర్డు కనబడేది. ఒక పాప భుజం మీద చిలుక, ఒడిలో కుందేలు. జంతువులను ముట్టుకోవచ్చు, చేత్తో మేత తినిపించవచ్చు అని కింద రాసి ఉండేది. మా ఎనిమిదేళ్ల బిడ్డ కారు అద్దానికి ముక్కు ఆనించి, పోదామని అడిగేది. "వచ్చేసారి పోదాం తియ్" అనేదాన్ని నేను. రక్తం జబ్బు ఉన్న పిల్లను జంతువుల దగ్గరికి పంపితే ఇన్ఫెక్షన్ వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు.

ఈసారి ఆయన ఫైలు మూసేసి, ఇక నొప్పికి మాత్రమే మందులు రాస్తానన్నాడు. ఊరుకోలేక నేను ఆ పార్కు సంగతి అడిగాను. "తీసుకెళ్లండమ్మా. పాపకు ఏది ఇష్టమైతే అది చేయనివ్వండి" అన్నాడు. ఈ రెండేళ్లలో చాలామంది డాక్టర్లను లోలోపల తిట్టుకున్నాను గానీ, ఆ మెత్తటి మాట మీద వచ్చినంత కోపం ఎవరిమీదా రాలేదు. వద్దని కసురుకుంటే ఎంత బాగుండేది!

సుబేదారిలో దర్జీ షాపు నడిపే నా భర్త, స్నేహితుడిని అడిగి తెచ్చిన కారు నడుపుతున్నాడు. వెనక సీట్లో నేను, బిడ్డ, మా అత్తమ్మ. బోర్డు రాగానే ఆయన మమ్మల్ని ఏమీ అడక్కుండా కారు పక్కకు తిప్పాడు.

"నిజంగనేనా అబ్బా?" అంది బిడ్డ వాళ్ల నాన్నతో. ఆ గొంతులో సంతోషం కన్నా అనుమానమే ఎక్కువ. అడిగిందల్లా దొరకడం మొదలైనప్పటి నుంచి దానికి అనుమానాలు ఎక్కువయ్యాయి.

గేటు లోపల పచ్చ టీషర్టు వేసుకున్న అమ్మాయి కాగితం గ్లాసులో క్యారెట్ ముక్కలు ఇచ్చి మా వెంట వచ్చింది. టోపీ, మాస్కు పెట్టుకున్న పిల్లను చూసి కొందరు పక్కకు జరిగారు. నేను పట్టించుకోలేదు. కాదు, పట్టించుకున్నాను. నేను చూసిన చూపుకు ఒకామె తన పిల్లవాణ్ణి ఎత్తుకుని అటే పోయింది.

మొదట పొట్టి గుర్రం. అత్తమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుని దాని నుదుటి మీద పెట్టించి, కళ్లు మూసుకుని పెదవులు కదిలించింది. తర్వాత మేక, ఆ తర్వాత తాబేలు, అన్నిటికీ అదే తంతు. తాబేలు తల లోపలికి లాక్కుంటే, అది మళ్లీ బయటికి పెట్టేదాకా అక్కడే నిలబడింది.

"పెద్దమ్మకు జంతువులంటే ఎంత ఇష్టమో" అని మురిసిపోయింది పచ్చ టీషర్టు అమ్మాయి.

ఇష్టం కాదు. మా ఇళ్లలో ఎవరికైనా జబ్బు ముదిరితే సద్కా ఇస్తాం. రోగి చెయ్యి మేక తల మీదో కోడి మీదో పెట్టించి, దాన్ని కోసి, మాంసం బీదవాళ్లకు పంచుతాం. ఇంట్లో ముక్క కూడా ముట్టం. పీడ ఆ జీవంతో పాటు పోతుందని మా పెద్దల నమ్మకం. మా బిడ్డ పేరున మేక పోయింది, నల్ల కోళ్లు పోయాయి. జబ్బు మాత్రం ఇల్లరికం వచ్చిన అల్లుడిలా కదల్లేదు. ఒక్క మేక మోయలేనిదాన్ని ఇన్ని జంతువులు తలా కొంచెం మోయవా అని ఇప్పుడు అత్తమ్మ ఆలోచన.

"ఇవి ఎవలియో జంతువులు అత్తమ్మా. సద్కా గిట్లియ్యరు" అన్నాను చెవి దగ్గర.

"నాకు ఎర్క లేదా? జర ఊకో బిడ్డా. ఎంత పోతే అంత పోనీ."

దింపుడు కళ్లం ఆశ అంటారే, అదే. ఆమెను ఆపాల్సింది, ఆపలేదు. నేను కూడా ఆ తాబేలును లోలోపల బతిమాలుకున్నాను.

చివరికి కుందేళ్ల దగ్గరికి వచ్చాం. పచ్చ టీషర్టు అమ్మాయి బూడిద రంగు పిల్లనొకదాన్ని తెచ్చి బిడ్డ ఒడిలో పెట్టింది. అది క్యారెట్ నములుతుంటే మూతి ఆడడం చూసి, బిడ్డ మాస్కు వెనక నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో. మా ఆయన ఫోన్ తీశాడు. అత్తమ్మ వంగి, బిడ్డ చెయ్యి పట్టుకుని కుందేలు తల మీదికి తెచ్చింది.

బిడ్డ చెయ్యి లాక్కుంది. "వద్దు దాదీ."

"కరవదే."

"నా జబ్బు దానికి వస్తది. గుర్రమంటే పెద్దది. ఇది సూదులకు ఆగదు."

సద్కా సంగతి మాలో ఎవరమూ బిడ్డకు చెప్పలేదు. ఇంట్లో మేకను చూసి, కోళ్లను చూసి, అంతా తనే తెలుసుకుంది. రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని కూర్చుంది. ఫోటో కోసమని పచ్చ టీషర్టు అమ్మాయి ఎంత బతిమాలినా ముందుకు తేలేదు. రెండేళ్లుగా అడిగిన కుందేలు ఒడిలోనే ఉంది, బిడ్డ దాన్ని వేలితో కూడా తాకలేదు. నాకు అత్తమ్మ మీద అరవాలనిపించింది. ఆమె ముఖం చూసి, కుందేలును ఎత్తి పచ్చ టీషర్టు అమ్మాయికి ఇచ్చేశాను.

కారెక్కాక బిడ్డ నా ఒడిలో తల, వాళ్ల దాదీ ఒడిలో కాళ్లు పెట్టుకుని పడుకుంది. కాజీపేట దగ్గరపడుతుంటే, నిద్రపోయిందనుకున్న పిల్ల మెల్లగా అడిగింది.

"దాదీ, మరి నా తల మీద ఎవలు చెయ్యి పెట్టిన్రు?"

మా అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

"తెల్వదా? పోనీ తియ్ దాదీ" అని, బిడ్డ ఆమె ఒడిలోంచి కాళ్లు తీసి ముడుచుకుంది.